మాస్సీ సెల్ఫ్ కోసం హాలియా, మిర్యాలగూడ, నల్లగొండ: ఒక రోజు తిరుగుడు

కాలువకు నీళ్లొచ్చినయి, నారు ముదురుతున్నది. అట్లాంటి టైంలో కేజ్ వీల్స్ (బురదలో దమ్ము చేసే ఇనుప చక్రాలు) ఎక్కించిన మాస్సీ 1035 ట్రాక్టర్ గట్టు మీద ఆగిపోయింది. సెల్ఫ్ (ఇంజన్‌ను తిప్పి స్టార్ట్ చేసే మోటర్) కొడితే "టక్" మని ఒక్క చప్పుడు, అంతే. మూడు సిలిండర్ల సింప్సన్ ఇంజన్ ఉన్న పాత బండి. దానికి తక్కువ ధరలో సరిపోయే సెల్ఫ్ మోటర్ కోసం హాలియాలో బస్సెక్కి మిర్యాలగూడ, అక్కడి నుంచి నల్లగొండ, మళ్లీ చీకటి పడేసరికి హాలియా చేరిన.

బయలుదేరక ముందు రోజు సాయంత్రం చేసిన పని చెప్పాలి. అది చేయకుంటే తిరిగిన తిరుగుడంతా వృథా అయ్యేది. "టక్" మనగానే మోటర్ పోయిందని దుకాణానికి పరుగెత్తొద్దు. ముందు మల్టీమీటర్ బ్యాటరీ పోల్స్ మీద పెట్టాలి. ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు ఉంది, అంటే చార్జింగ్ నిండుగా ఉన్నట్టే. సెల్ఫ్ కొట్టినప్పుడు 12 కిందికి పోలేదు, హెడ్‌లైట్ కూడా మసకబారలేదు. అంటే మోటర్‌లోకి కరెంటే పోవడం లేదు. సోలినాయిడ్ (మోటర్‌కు కరెంటు కలిపే స్విచ్చి) లోపలి కాంటాక్టులన్నా పట్టడం లేదు, తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్లన్నా అరిగిపోయినయి. మోటర్ బాడీ మీద చెక్కతో రెండు దెబ్బలు వేస్తే తిరిగింది, కానీ ముక్కుతూ మెల్లగా తిరిగింది. అప్పుడు పోల్స్ మీద వోల్టేజీ 9.4కు పడిపోయింది. కరెంటు బాగా లాగుతూ మెల్లగా తిరుగుతున్నదంటే లోపల తిరిగే ఆర్మేచర్ రాసుకుంటున్నది, లేదా షార్ట్ అయింది. ఒకే మోటర్‌లో రెండు జబ్బులన్నమాట.

మీటర్ ఒక కొన బ్యాటరీ ప్లస్ పోల్ మీద, రెండో కొన మోటర్ స్టడ్ (కరెంటు అందే బోల్టు) మీద పెట్టి సెల్ఫ్ కొడితే 0.9 వోల్టులు చూపింది. అది అరవోల్టు దాటకూడదు. మైనస్ పోల్‌కూ మోటర్ బాడీకీ మధ్య చూస్తే 0.2 ఉంది, ఎర్త్ వైరు బాగానే ఉంది. ప్లస్ వైరు లగ్గు (బోల్టుకు తగిలించే కొన) దగ్గర తొడుగు కోసి చూస్తే రాగి పోగులు పచ్చగా చిలుముపట్టి సగం తెగిపోయి ఉన్నయి. కొత్త మోటర్ పెట్టినా ఈ వైరుతో అది కూడా నీరసంగానే తిరిగేది.

స్క్రూడ్రైవర్‌తో సోలినాయిడ్ రెండు బోల్టులు కలిపి స్టార్ట్ చేసే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. బండి గేర్‌లో ఉంటే టైరు పక్కన నిలబడ్డ మనిషి మీదికే వస్తుంది. ఆ పని చేయకండి.

బ్యాటరీ మైనస్ వైరు ముందు తీసి, తర్వాత ఫ్లాంజ్‌కున్న (మోటర్‌ను ఇంజన్‌కు ఆనించే అంచుకున్న) మూడు బోల్టులు విప్పి మోటర్ దించితే ఆ రంధ్రంలో ఫ్లైవీల్ రింగు (మోటర్ పట్టి తిప్పే పళ్ల చక్రం) కనబడుతుంది. టార్చి వేసి, ముందున్న పుల్లీ బోల్టుకు పానా పెట్టి ఇంజన్‌ను ఒక పూర్తి చుట్టు తిప్పుతూ ప్రతి పన్నూ చూడాలి. మూడు సిలిండర్ల ఇంజన్ ఆగేటప్పుడు కంప్రెషన్ ఒత్తిడికి దాదాపు ఎప్పుడూ మూడు చోట్లనే ఆగుతుంది. కాబట్టి పళ్లు కూడా ఆ మూడు చోట్లనే అరుగుతయి. నాలుగు సిలిండర్లయితే రెండు చోట్ల. మా రింగుకు మూడు చోట్ల పళ్ల అంచులు గుండ్రంగా అరిగినయి గానీ విరగలేదు. విరిగి ఉంటే ఇంజన్‌నూ గేర్‌బాక్స్‌నూ విడదీసి రింగు మార్చాలి. అదంతా వేరే ఖర్చు, వేరే రోజులు.

మోటర్‌ను యూరియా సంచిలో కట్టుకొని పొద్దున్నే బస్సెక్కిన. పది కిలోలకు పైనే బరువుంటుంది, సీటు కింద పెట్టాలి. బరువని పాతదాన్ని ఇంట్లో వదిలిపోతే మాత్రం దుకాణంలో ట్రాక్టర్ పేరు చెప్పి ఏదో ఒకటి తెచ్చుకోవాల్సి వస్తుంది. ఒకే పేరు మీద వేర్వేరు ఏండ్లలో వేర్వేరు మోటర్లు వచ్చినయి. ఫొటో సరిపోదు. పినియన్‌కు (రింగును పట్టే చిన్న గేరుకు) ఎన్ని పళ్లు, బోల్టు రంధ్రాల మధ్య దూరం ఎంత, మోటర్ ఊరికే ఉన్నప్పుడు ఫ్లాంజ్ నుంచి పినియన్ ముక్కు దాకా ఎంత, సోలినాయిడ్ ఏ పక్క ఉంది, పినియన్ వైపు నుంచి చూస్తే ఎటు తిరుగుతుంది... ఈ ఐదూ పక్కపక్కన పెట్టి పోల్చాలి. ఒక్క పన్ను తేడా ఉన్నా పట్టినట్టే పట్టి రింగును నమిలేస్తుంది.

మిర్యాలగూడలో దిగేసరికి దుకాణాల షట్టర్లు లేస్తున్నయి. చుట్టూ రైసు మిల్లులు, లారీలు, ట్రాక్టర్లు. అందుకే ఆటో ఎలక్ట్రికల్ పనికి ఆ ఊర్లో కొదవ లేదు. మొదటి దుకాణంలో కంపెనీ మోటర్ ధర 8,200 చెప్పిండ్రు. రెండో దుకాణంలో లోకల్ కొత్తది 4,500. రంగు మెరుస్తున్నది, డబ్బా బాగుంది. చేత్తో లేపితే మాదానికన్నా తేలిగ్గా ఉంది. సైజు తగ్గించి లోపల గేర్లు పెట్టిన కొత్త రకం మోటర్లు కూడా తేలిగ్గానే ఉంటయి, అవి మంచివే, తక్కువ కరెంటుతో గట్టిగా తిప్పుతయి. కానీ ఇది ఆ రకం కాదు, అదే పాత సైజు బాడీ. అంటే లోపల కాయిల్ రాగిది కాకపోవచ్చు. వెనక మూత విప్పమని అడిగి కాయిల్ కొన మీద వార్నిష్ గోటితో గీకితే తెల్లగా కనబడింది, అల్యూమినియం. సోలినాయిడ్ బోల్టుకు అయస్కాంతం తగిలిస్తే అతుక్కున్నది. ఇనుము మీద రాగి పూత. అట్లాంటి మోటర్ రెండు మూడు నెలలు బాగా కొడుతుంది, దమ్ము చేసే రోజుల్లో పదేపదే కొట్టేసరికి వేడెక్కి వదిలేస్తుంది. నాకు నచ్చలేదు, బయటికొచ్చిన.

వేములపల్లి, తిప్పర్తి మీదుగా నల్లగొండ. రోడ్డుకు రెండు పక్కలా దుక్కులు, నారుమళ్లు, మధ్యలో బత్తాయి తోటలు. లతీఫ్ సాహెబ్ గుట్ట కనబడితే ఊరొచ్చినట్టే.

ఊర్లో పాత మోటర్లు కట్టే ఒక చిన్న షెడ్డు దగ్గర సంచి దించిన. మిస్త్రీ మోటర్‌ను అటూ ఇటూ తిప్పి, పినియన్ పట్టుకొని షాఫ్ట్‌ను పైకీ కిందికీ ఊపిండు. "బుష్షులు పోయినయన్నా, చూడు ఎట్ల ఆడుతున్నదో" అన్నడు. బుష్షులంటే షాఫ్ట్ కొనలను మోసే గొట్టాలు. విప్పంగానే అతను చెప్పింది నిజమని తేలింది. ఆర్మేచర్ ఇనుప రేకుల మీద అద్దంలాగ మెరుస్తున్న పట్టీ, వేలు పెడితే నున్నగా జారుతున్నది. బుష్షు అరిగి ఆర్మేచర్ కిందికి దిగి, చుట్టూ ఉన్న ఇనుప పోల్‌కు (కాయిల్ లోపలి దిమ్మెకు) రాసుకొని రాసుకొని అయిన మెరుపు అది. కార్బన్లు కొలిస్తే 6 మిల్లీమీటర్లు. 8 కన్నా తగ్గితే స్ప్రింగ్ ఒత్తిడి సరిగ్గా అందదు, మార్చాల్సిందే. దెబ్బ కొడితే తిరగడానికి కారణం ఇదే.

ఆర్మేచర్‌ను గ్రౌలర్ (లోపలి షార్ట్ పట్టే పరికరం) మీద పెట్టి, పైన హాక్సా బ్లేడు ముక్క ఆనించి మెల్లగా తిప్పిండు. ఒక గాడి దగ్గరికి రాంగానే బ్లేడు గరగరమని వణికింది. అక్కడ లోపల షార్ట్. ఇక దానికి కార్బన్లు, బుష్షులు వేసి లాభం లేదు. చాలామంది మోసపోయేది ఇక్కడే: గ్రౌలర్ పెట్టకుండా బుష్షులు మార్చి, బ్యాటరీ తగిలించి గాల్లో తిప్పి చూపిస్తరు. గాల్లో దాదాపు ఏ మోటరైనా తిరుగుతుంది. ఇంజన్‌ను తిప్పాల్సి వచ్చినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

షెడ్డు మూలన పాత మోటర్ల కుప్పలో ఐదు కొలతలూ కలిసే మోటర్ ఒకటి దొరికింది. దాని ఆర్మేచర్ గ్రౌలర్ మీద మౌనంగా ఉంది. టెస్ట్ లాంప్ ఒక కొన కమ్యుటేటర్‌కు (కార్బన్లు రాసుకునే రాగి రేకులకు), ఇంకో కొన షాఫ్ట్‌కు పెడితే వెలగలేదు, అంటే కాయిల్ షాఫ్ట్‌కు తగలడం లేదు. ఆర్మేచర్ చుట్టూ ఉండే ఫీల్డ్ కాయిల్ రాగిదే. 1,800కు ఇస్తనన్నడు, తీసుకున్న. బుష్షులు 200, కార్బన్లు 200, కొత్త బెండిక్స్ (పినియన్, దాని క్లచ్చు కలిసిన భాగం) 750, పనికి 500. మొత్తం 3,450. మా పాత సోలినాయిడ్‌నే దానికి పెట్టించిన. రాగి బోల్టుల తలలు ఒక పక్కే కాలినయి, వాటిని విప్పి అరచుట్టు తిప్పితే కాలని పక్క ముందుకొస్తుంది. కొత్తది కొనే పని తప్పింది.

పని జరుగుతున్నంతసేపు పక్కన కూర్చోవాలి. ఎందుకంటే అలవాటుగా చేసే తప్పులు కొన్ని ఉన్నయి. బుష్షు సన్న రంధ్రాలున్న కంచుది, నూనె పీల్చుకుంటుంది. ఎక్కించే ముందు ఒక రోజంతా ఇంజన్ ఆయిల్‌లో నానాలి. టైం లేకుంటే కాగిన నూనెలో, సుమారు 100 డిగ్రీల వేడిలో, రెండు గంటలు ఉంచాలి. మేము రెండో పద్ధతి పట్టినం, ఆ రెండు గంటల్లో అన్నం తినొచ్చిన. ఎక్కించాక బిగువుగా ఉందని రీమర్ వేసి లోపల గీకకూడదు, ఆ సన్న రంధ్రాలు మూసుకుపోయి నూనె రాదు. బెండిక్స్‌ను డీజిల్‌లో కడగకూడదు, లోపలి గ్రీజు కరిగిపోతే క్లచ్చు జారుతుంది. అప్పుడు మోటర్ గిర్రున తిరుగుతుంది, ఇంజన్ మాత్రం కదలదు. కమ్యుటేటర్‌ను సన్న సాండ్ పేపర్‌తోనే తుడవాలి. ఎమరీ గుడ్డ పొడి కరెంటు పట్టేది, రేకుల మధ్య ఇరుక్కుంటే షార్ట్ చేస్తుంది. చెప్తే మిస్త్రీ విసుక్కోలేదు, "నువ్వు చూస్తుంటే నేనే జాగ్రత్తగ చేస్త" అన్నడు.

బస్టాండుకు పోయే దారిలో 50 స్క్వేర్ మిల్లీమీటర్ల రాగి కేబుల్ మీటరున్నర, రెండు లగ్గులు, 650. లగ్గులు సుత్తెతో కొట్టించకుండా ప్రెస్సు మీద నొక్కించిన. మొత్తం ఖర్చు 4,100 అయింది, బస్సు చార్జీలు వేరే.

మరునాడు ఎక్కించే ముందు ఫ్లాంజ్ ముఖం మీద, ఇంజన్ హౌసింగ్ మీద ఉన్న రంగు, జిడ్డు గీకేసిన. మోటర్‌కు ఎర్త్ ఆ బోల్టులు, ఆ ముఖం నుంచే అందుతుంది, రంగు అడ్డముంటే కొత్త మోటర్ కూడా నీరసిస్తుంది. మూడు బోల్టులూ కొంచెం కొంచెంగా, వంతులవారీగా బిగించాలి. ఒక్కటే ముందు పూర్తిగా బిగిస్తే మోటర్ పక్కకు ఒరిగి పినియన్ వంకరగా పడుతుంది. బ్యాటరీ ప్లస్ ముందు, మైనస్ చివర.

సెల్ఫ్ కొడితే బ్యాటరీ మీద 10.7, ప్లస్ వైరులో నష్టం 0.2. ఇంజన్ రెండో చుట్టులోనే అందుకుంది. నాట్లయ్యేదాకా ఇంట్లో అందరికీ ఒకటే చెప్పిన: పది సెకన్లకు మించి పట్టుకోవద్దు, అందుకోకుంటే నిమిషం ఆగి కొట్టండి. రింగు మీద అరిగిన ఆ మూడు చోట్లకు సుద్దతో గుర్తు పెట్టి ఉంచిన. యాసంగి కోతలయ్యాక క్లచ్ ప్లేటు కోసం బండి విడదీయాల్సి ఉంది, అప్పుడే రింగును వేడి చేసి తీసి, తిరగేసి ఎక్కించొచ్చో లేదో చూడాలి.