నిలబడ్డచోటు నుంచి ఎగరడం: జూన్ నుంచి ఆగస్టు దాకా

జూన్
వాలీబాల్‌లో బ్లాక్‌కి, అంటే అవతలివాళ్ళు కొట్టిన బంతిని నెట్ దగ్గరే ఆపడానికి, ఎగిరితే వేళ్ళు మాత్రమే నెట్ దాటుతున్నాయి. మణికట్టు దాకా దాటాలి, అప్పుడే బంతిని ఆపగలం. పురుషుల నెట్ ఎత్తు 2.43 మీటర్లు. నేను చెయ్యెత్తి నిలబడితే 2.20 అందుతుంది.

వేళ్ళకు సుద్దపొడి రాసుకుని గోడ పక్కన ఎగిరాను. మరక 2.61 దగ్గర పడింది, అంటే 41 సెం.మీ. అదే ఎగురుడు ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో తీస్తే, పాదం నేల వదిలిన దగ్గర్నుంచి మళ్ళీ తాకేదాకా 120 ఫ్రేములు, అంటే అర సెకను. గాల్లో ఉన్న సమయాన్ని దానితోనే గుణించి, 9.81తో హెచ్చించి, 8తో భాగిస్తే ఎత్తు మీటర్లలో వస్తుంది: 0.307. ఒకే ఎగురుడుకి 41, 31! రెండూ నిజమే. నేల వదిలేలోపే మడమలు లేచి ఒళ్ళు పది సెంటీమీటర్లు పైకి వెళ్ళిపోతుంది. గోడ దాన్ని కలుపుతుంది, వీడియో కలపదు.

వీడియోతో కొలిచేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. ఎగిరినప్పుడు కాలు ఎంత చాచి ఉందో దిగేటప్పుడూ అంతే చాచి మునివేళ్ళ మీద దిగాలి. మోకాలు ముడిచి దిగితే సమయం పెరిగి, లేని ఎత్తు కనిపిస్తుంది. ఫోన్ నేల మీద, పాదాల ఎత్తులో పెట్టండి. మామూలు 30 ఫ్రేముల వీడియో ఈ పనికి పనికిరాదు, ఒక్క ఫ్రేము తేడాకే నాలుగు సెంటీమీటర్లు మారిపోతాయి.

జులై
గాల్లోకి వెళ్ళాక ఎంత తన్నుకున్నా ఒంటి గరిమనాభి (బరువంతా ఒక్కచోటే ఉందనుకునే బిందువు) దారి మారదు. అంతా వంగిన చోటు నుంచి నేల వదిలేదాకా పట్టే సుమారు 0.3 సెకన్లలోనే తేలిపోతుంది. నా బరువు 68 కిలోలు. 31 సెం.మీ. ఎత్తుకి దాదాపు 205 జౌల్‌ల శక్తి కావాలి. వంగిన చోటు నుంచి నేల వదిలేదాకా ఒళ్ళు లేచే దూరం సుమారు 35 సెం.మీ. ఆ కాస్త దూరంలో అంత శక్తి రావాలంటే, బరువుతో కలిపి సగటున 1250 న్యూటన్లతో నేలను నొక్కాలి, నా బరువుకి దాదాపు రెండింతలు.

ముల్లు తిరిగే బరువు మిషన్ ఉంటే దాని మీద నిలబడి చటుక్కున వంగి ఆగండి (ఎగరొద్దు, స్ప్రింగు పోతుంది). ముల్లు ముందు 68 కిందికి జారుతుంది, వంగడం ఆగే క్షణాన 68 దాటి దూసుకుపోతుంది. పడుతున్న ఒంటిని ఆపడానికి కండరాలు అప్పటికే బిగిశాయన్నమాట. అదే ఊపులో లేస్తే మొదటి సెంటీమీటరు నుంచే పెద్ద బలం అందుతుంది. వంగి కాసేపు ఆగి ఎగిరితే ఆ లాభం పోతుంది.

చేతుల సంగతి నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది. నడుము మీద చేతులు పెట్టుకుని ఎగిరితే 110 ఫ్రేములే, అంటే 26 సెం.మీ. చేతులు జోరుగా పైకి విసిరితే అవి భుజాలను కిందికి నొక్కుతాయి, కాళ్ళు చాచుకోవడం కాస్త నెమ్మదిస్తుంది. నెమ్మదిగా కుంచించుకునే కండరం ఎక్కువ బలం ఇస్తుంది. చేతుల్లో చేరిన శక్తి కూడా ఒంటిని పైకి లాగుతుంది.

ఆగస్టు
భుజాల మీద 25 కిలోల బియ్యం బస్తాతో గుంజీలు, రోజు విడిచి రోజు. ఎగురుళ్ళు కొన్నే, మధ్యలో రెండేసి నిమిషాల విశ్రాంతి. అలసిన కాళ్ళతో ఎగిరితే అలవాటయ్యేది నెమ్మదే.

ఇప్పుడు 132 ఫ్రేములు: 0.55 సెకన్లు, 37 సెం.మీ. గోడ మీద 2.67. మణికట్టు నెట్ దాటుతోంది! ఎగురుడులో పై పావు భాగంలోనే సగం సమయం గడుస్తుంది కాబట్టి, బ్లాక్‌కి చేతికి దొరికేది 0.27 సెకన్లు. అవతల బంతిని కొట్టబోయే స్మాషర్ చెయ్యి వెనక్కి వెళ్ళేదాకా ఆగి ఎగురుతున్నాను.

కొలత అవసరం లేనప్పుడు మాత్రం దిగాక మెత్తగా వంగాలి. 37 సెం.మీ. నుంచి పడే ఒంటిని ఐదు సెంటీమీటర్లలో ఆపితే సగటున బరువుకి ఎనిమిదింతలకు పైగా దెబ్బ. ముప్ఫై సెంటీమీటర్లలో ఆపితే రెండింతలకు కాస్త ఎక్కువ. మా కోర్టు సిమెంటుది, మోకాళ్ళకు ఈ లెక్క ముఖ్యం. వచ్చే నెల మూడు అంగల పరుగుతో ఎగిరి కొలుస్తాను. సూత్రం అదే, ఫోన్ మాత్రం కాస్త దూరం జరపాలి.