తీరంలో హద్దురాయి ఎక్కడ పాతాలి?

తుఫాను వచ్చి ఉప్పాడ పేరు వార్తల్లోకి ఎక్కినప్పుడల్లా వినిపించే డిమాండు ఒక్కటే: గోడ కట్టండి. అక్కడ గోడ ఎప్పుడో కట్టారు. ఇసుక నింపిన గుడ్డ గొట్టాలు, అంటే జియోట్యూబులు, పరిచారు, రాళ్లు పోశారు. కోత ఆగలేదు, కాకినాడ బీచ్ రోడ్డు తెగడమూ ఆగలేదు. గోడను కొట్టి వెనక్కి మళ్లే అల దాని పాదం దగ్గరి ఇసుకను లాక్కుపోతుంది. పాదం గుల్లయ్యాక ట్యూబు కుంగుతుంది, గుడ్డ చిరుగుతుంది, లోపలి ఇసుక కారిపోతుంది. గోడ ఎక్కడ ముగిస్తే అక్కడ పక్క ఊరికి కోత మొదలవుతుంది. ఉన్న ఊరిని కాపాడటానికి ఒక్కోచోట గోడ తప్పదు, ఒప్పుకుంటాను. ఆ గోడ వెనక వచ్చే ఏడాది వేయబోయే లేఅవుట్ సంగతి ఎవరూ ఎత్తకపోవడమే నా అభ్యంతరం.

కోతకు కారణం వాతావరణ మార్పు ఒక్కటే అనుకోవడం కూడా తప్పుదారి పట్టిస్తుంది. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం లెక్క వేస్తే ఇసుక ఒడ్డు వెంబడి నైరుతి నుంచి ఈశాన్యం వైపు నడుస్తుంది. దారిలో రేవు గోడలు అడ్డొస్తే దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన బీచ్ అరిగిపోతుంది. 1970లలో విశాఖ ఔటర్ హార్బర్ వచ్చాక ఆర్కే బీచ్‌కు పట్టిన గతి ఇదే. డ్రెడ్జర్‌తో ఇసుక తోడి అటు పోస్తూ ఉంటే తప్ప ఆ తీరం నిలవదు. ఇక గోదావరి, కృష్ణ డెల్టాలకు రావలసిన ఒండ్రు ఎగువ జలాశయాల్లోనే ఆగిపోతోంది. కొత్త మట్టి పడకపోతే డెల్టా తన బరువుకు తానే కొద్దికొద్దిగా దిగబడుతుంది. దీని మీద సముద్ర మట్టం పెరుగుదల వచ్చి చేరుతోంది. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల బృందం ఐపీసీసీ ఆరో నివేదిక ప్రకారం, 1995-2014 సగటుతో పోలిస్తే 2100 నాటికి ప్రపంచ సగటు మట్టం ఉద్గారాలు బాగా తగ్గితే 0.28 నుంచి 0.55 మీటర్లు, విపరీతంగా పెరిగితే 0.63 నుంచి 1.01 మీటర్లు పెరగవచ్చు. దిగబడే నేల మీద అదే పెరుగుదల ఇంకా ఎక్కువగా తగులుతుంది.

ఇప్పుడు మన నిబంధనలు ఏమంటున్నాయో చూద్దాం. తీర ప్రాంత నియంత్రణ మండలం, అదే సీఆర్‌జెడ్, 2019 నోటిఫికేషన్ ప్రకారం పల్లె తీరం రెండు రకాలు. 2011 జనాభా లెక్కల్లో చదరపు కిలోమీటరుకు 2,161 మంది కంటే ఎక్కువున్న చోట, తీర నిర్వహణ ప్రణాళికకు ఆమోదం వచ్చాక, పోటు రేఖ (పోటు నీరు చేరే పై హద్దు) నుంచి 50 మీటర్ల వరకే కట్టడాలు నిషేధం. జనం పలచగా ఉన్న చోట 200 మీటర్లు. అంటే ఎక్కువమందికి ప్రమాదం ఉన్న చోటే సముద్రానికి ఎక్కువ దగ్గరగా కట్టుకోవచ్చు! ఏటి పాయలు, ఉప్పుటేర్ల వెంట 2011లో 100 మీటర్లో, పాయ వెడల్పో, ఏది తక్కువైతే అదే పరిధి. 2019లో ఆ 100ను 50కి కుదించారు. పోటు, అల, సముద్ర మట్టం, తీరరేఖ జరగడం అన్నీ లెక్కలోకి తీసుకుని సర్వే ఆఫ్ ఇండియా గీసిన ప్రమాద రేఖ ఒకటుంది. 2019లో దాన్ని నియంత్రణ నుంచి విడదీసి, విపత్తు నిర్వహణకు, ప్రణాళికకు ఉపకరణంగా మాత్రమే ఉంచారు. రేఖ ఉంది, దానికి పళ్లు లేవు.

అయితే ఆ నోటిఫికేషన్ కనీస దూరం చెబుతుంది, అంతే. మాస్టర్ ప్లాన్‌లో అంతకంటే కఠినమైన గీత గీసుకోవడానికి పట్టణాభివృద్ధి సంస్థకు అడ్డేమీ లేదు. ఆ గీతను మీటర్లలో మొదలుపెట్టకుండా ఏళ్ల నుంచి లెక్కగట్టాలని నా వాదన.

లెక్క కష్టమైనది కాదు. మామూలు కాంక్రీటు ఇంటి ఆయుష్షు 60 ఏళ్లనుకుందాం. ల్యాండ్‌శాట్, సెంటినెల్ ఉపగ్రహ చిత్రాల మీద తీరానికి అడ్డంగా ప్రతి 100 మీటర్లకు ఒక గీత గీసి, ఏ గీత దగ్గర తీరం ఏడాదికి ఎంత వెనక్కి జరుగుతోందో తీయాలి. దాన్ని 60తో గుణించి, ఒక్క పెద్ద తుఫానుకు తెగిపోయే వెడల్పు, కొలతలో రాగల తేడా కలపాలి. ఉదాహరణకు తుఫానుకు 25 మీటర్లు, తేడాకు 15 మీటర్లు అనుకోండి. ఏడాదికి 0.3 మీటర్లు తరిగే చోట 18కి 40 కలిపితే 58 మీటర్లు చాలు. ఏడాదికి 5 మీటర్లు తరిగే చోట 300కి 40 కలిపితే 340 మీటర్లు కావాలి. అక్కడ 200 మీటర్ల నిబంధన పాటించి కట్టిన ఇంటికి మిగిలేది 32 ఏళ్లే. బ్యాంకు రుణం తీరి నాలుగు రోజులు సుఖపడేసరికి అల గుమ్మంలోకి వస్తుంది.

ఇక్కడ తప్పులు దొర్లే చోట్లు చెప్పాలి. జనవరి చిత్రాన్ని ఆగస్టు చిత్రంతో పోలిస్తే రుతువుల మార్పు కోతగా లెక్కకొస్తుంది, కాబట్టి ఏటా ఒకే నెల చిత్రాలు తీసుకోవాలి. ల్యాండ్‌శాట్‌లో ఒక్క చుక్క 30 మీటర్లు, సెంటినెల్-2లో 10 మీటర్లు. రెండే రెండు చిత్రాలతో రేటు తేల్చకూడదు. తడి ఇసుక అంచు పోటును బట్టి మారుతుంది కనుక, పచ్చిక లేదా ఇసుక దిబ్బ మొదలయ్యే అంచును ఆధారంగా పెట్టుకుంటే నిలకడ ఉంటుంది. నదీ మొగల దగ్గర మాత్రం ఈ పద్ధతి పనిచేయదు. కాకినాడ ఎదుట హోప్ ఐలాండ్ ఇసుక తిన్నె ఉత్తరానికి సాగుతూ పోయింది. అలాంటి చోట పాత రేటును ముందుకు సాగదీస్తే లెక్క తప్పుతుంది, గీతను ఇంకా వెనక్కి పెట్టుకోవాలి.

గీత గీశాక అసలు పని మొదలవుతుంది. తీర ప్రణాళిక పటాలు 1:25,000 స్కేలులో ఉంటాయి. పటం మీద ఒక మిల్లీమీటరంటే నేల మీద 25 మీటర్లు. పెన్ను గీత మందంలోనే ఒక ఇంటి స్థలం మాయమవుతుంది. స్థానిక స్థాయికి 1:4,000 పటాలు కావాలి. వాటిని ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పుస్తకం) మీద పరిచి, ఏ సర్వే నంబరులో, ఏ సబ్‌డివిజన్‌లో ఎన్ని సెంట్లు గీతకు సముద్రం వైపున పడుతున్నాయో జాబితా తీయాలి. ఆ జాబితా పంచాయతీకి, లేఅవుట్ అనుమతిచ్చే కార్యాలయానికి, సబ్ రిజిస్ట్రార్‌కు చేరాలి. కొనేవాడికి అది ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) తీసేటప్పుడే కనబడాలి. అన్నిటినీ రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద ఉండే నిషేధిత జాబితాలో పడేస్తే పట్టాదారులు కోర్టుకెక్కుతారు. అది అమ్మకాన్ని ఆపే జాబితా, మనకు ఆపాల్సింది కట్టడాన్ని. నేల మీద రాళ్లు పాతకపోతే ఏమవుతుందో కొల్లేరు చెబుతుంది. 1999లో +5 అడుగుల కాంటూరు వరకు అభయారణ్యమన్నారు, లోపల చెరువులు తవ్వుతూనే పోయారు, 2006లో వాటిని కొట్టేయాల్సి వచ్చింది. హద్దు గొడవ ఇంకా తెమలలేదు.

డెల్టాలో ఇళ్ల కంటే రొయ్యల చెరువులది పెద్ద సమస్య. మడ అడవి కదలని గోడ కాదు. నీరు పెరిగితే అది భూమి వైపు జరగాలి. వెనకాలే చెరువు గట్టు ఉంటే జరగడానికి చోటుండదు, అల్లాడి చస్తుంది. వెయ్యి చదరపు మీటర్లకు మించిన మడకు 50 మీటర్ల బఫర్ నిబంధన ఉంది గానీ, అది ఈ రోజు అడవి అంచు నుంచి కొలిచేది. వదిలేసిన చెరువులు, పర్ర భూములు (ఉప్పు నేలలు) మడ వెనక ఎక్కడున్నాయో గుర్తించి, రేపటి మడకు వాటిని ప్రణాళికలోనే కేటాయించాలి. గట్టు తెగ్గొట్టి ఏటి నుంచి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వితే ఆటుపోట్లు లోపలికి ఆడతాయి. కోరంగి, కృష్ణా మొగల్లో పాడైన మడను ఈ పద్ధతిలోనే తిరిగి నిలబెట్టారు. నాట్లు వేసి ఫొటోలు దిగడం కంటే ముందు నీటికి దారివ్వాలి. డ్రెయిన్ల గట్లు ఆక్రమించిన చెరువుల సంగతీ అంతే. సముద్ర మట్టం పెరిగే కొద్దీ డ్రెయిన్ నీరు బయటికి పోయే గంటలు తగ్గుతాయి. నీరు పోలేని గంటల్లో అది నిలవడానికి పల్లపు భూమి ఖాళీగా ఉండాలి, లేకపోతే వరి చేను మునుగుతుంది.

మిగిలింది మత్స్యకారుల ఊళ్లు. వాళ్లను గీత వెనక్కి పంపాలంటే ఇల్లొక్కటే ఇస్తే సరిపోదు. పడవ లాగి పెట్టే ఇసుక, వలలు ఆరేసుకునే చోటు, చేపలు ఎండబెట్టే దిబ్బ, సముద్రానికి నడిచిపోయే దారి ఈ నాలుగూ ప్రణాళికలో ఉమ్మడి స్థలంగా నమోదు కావాలి. లేకపోతే ఖాళీ అయిన జాగాలో రిసార్టు లేస్తుంది. ఒడిశాలో సాతభయా గ్రామస్థులను బగపాటియాకు తరలించారు. ఇళ్లు దక్కాయి, సాగు భూమి, సముద్రం వెనకే ఉండిపోయాయి. పట్టా భూమి కోల్పోయేవారికి టీడీఆర్ బాండ్లు (వేరే చోట అదనంగా కట్టుకునే హక్కు, అమ్ముకోవచ్చు) ఇవ్వొచ్చంటారు. విశాఖలో అవి అమ్ముడుపోవచ్చు. ఉప్పాడ ఉన్న కొత్తపల్లి మండలంలో అదనపు అంతస్తు కోసం బాండు కొనే బిల్డర్ ఎవరు? అక్కడ అదే పంచాయతీలో ఎత్తుగా ఉన్న ప్రభుత్వ భూమిని ముందుగానే గుర్తించి, తుఫానుకు ముందే సెంటుకు సెంటు మార్పిడికి సిద్ధంగా ఉంచాలి. తుఫాను వెళ్లాక వెతికితే మిగిలేది ఊరికి ఐదు కిలోమీటర్ల దూరంలోని పల్లపు భూమే.