అభ్యంతరం రికార్డులోకి ఎక్కాలి: సెషన్స్ కోర్టు నుంచి హైకోర్టు దాకా నా అనుభవం

పొలం గట్టు తగాదాలో మా తమ్ముడి మీద ఐపీసీ 307 (హత్యాయత్నం), 324 (ఆయుధంతో గాయపరచడం) సెక్షన్ల కింద కేసు పడింది. ఒకాయనకు తలకు దెబ్బ, ఆయన కొడుక్కి చేతి మీద గాయం. నాన్న ఆరోగ్యం బాగాలేదు కాబట్టి సెషన్స్ కోర్టులో ప్రతి వాయిదాకూ నేనే వెళ్లాను. మాలాంటి కుటుంబాలు లాయరు గారు ఎంత గట్టిగా మాట్లాడారో చూసుకుని ఇంటికొచ్చేస్తాయి. ఆయన అన్న మాట కాగితం మీదికి ఎక్కిందా అని చూసేవాళ్లు తక్కువ. అప్పీలులో హైకోర్టు జడ్జి గారి ముందు ఉండేది ఆ కాగితాలే.

కేసంతా తమ్ముడి ఫోన్ కాల్ రికార్డుల (ఫోను ఎప్పుడు, ఏ టవర్ దగ్గర ఉందో చూపే వివరాలు) చుట్టూ తిరిగింది. సాయంత్రం నుంచే వాళ్ల ఇంటి దగ్గర కాపు కాశాడని, చంపాలనే వచ్చాడని ప్రాసిక్యూషన్ వాదన. ఫోన్ కంపెనీ నోడల్ ఆఫీసరు బోనెక్కి ప్రింటు తీసిన కాగితాలు ఇచ్చారు. ఆ ప్రింటు ఏ కంప్యూటర్ నుంచి ఎలా తీశారో చెబుతూ, సాక్ష్య చట్టం 65బీ కింద వాటితో పాటు ఉండాల్సిన సర్టిఫికెట్ లేదు. మా లాయరు గారు వెంటనే లేచారు. జడ్జి గారు స్టెనోకి ‘అభ్యంతరానికి లోబడి ఎగ్జిబిట్ పి-9’ (ప్రాసిక్యూషన్ తొమ్మిదో పత్రం) అని చెప్పి ముందుకు వెళ్లబోయారు. లాయరు గారు కూర్చోలేదు. ‘65బీ సర్టిఫికెట్ లేదన్న కారణం కూడా రాయించండి సార్’ అన్నారు. ‘అవన్నీ ఆర్గ్యుమెంట్స్‌లో చెప్పుకోండి’ అన్నారు జడ్జి గారు, కాస్త విసుగ్గానే. లాయరు గారు ఎదురు మాట్లాడకుండా మధ్యాహ్నానికల్లా అదే విషయం ఒక మెమోలో పెట్టి, పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారికి కాపీ ఇచ్చి, బెంచ్ క్లర్కు దగ్గర దాఖలు చేశారు. ఆ రోజు కోర్టులో జరిగింది రాసే డాకెట్‌లో మెమో వేసినట్టు నమోదైందో లేదో నా ముందే చూశారు.

బయటికొచ్చాక నా అనుమానం అడిగేశాను. ‘మనం ఇప్పుడే చెబితే వాళ్లు సర్టిఫికెట్ తెచ్చుకుంటారు కదా సార్, హైకోర్టులో చెబితే పోలా?’

‘తెచ్చుకోవచ్చమ్మా, ఆ అవకాశం ఇవ్వాలనే అభ్యంతరం ఇక్కడే చెప్పమంటుంది చట్టం’ అన్నారు. 2017లో సోనూ వర్సెస్ హర్యానా కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది కూడా కాల్ రికార్డులే, అక్కడా సర్టిఫికెట్ లేదు. అయినా కింది కోర్టులో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు కాబట్టి, నిరూపించిన పద్ధతి మీద అప్పీలులో కొత్తగా అడగడం కుదరదంది కోర్టు. విచారణ ముగిసేలోగా సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చని 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో చెప్పింది. మా కేసులో మాత్రం చివరిదాకా తేలేదు. ఐపీసీ, సాక్ష్య చట్టం లాంటివాటి స్థానంలో కొత్త చట్టాలు 2024 జూలై 1న వచ్చాయి, 65బీ ఇప్పుడు 63వ సెక్షన్ అయింది. సర్టిఫికెట్ అవసరం మాత్రం పోలేదు.

పక్కింటి సాక్షి విషయంలో ఇంకో పాఠం. తమ్ముడు కత్తి ఎత్తడం కళ్లారా చూశానని కోర్టులో చెప్పాడు. దర్యాప్తులో పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలంలో (సీఆర్‌పీసీ 161 సెక్షన్) ఆ ముక్కే లేదు. అది మా చేతిలో ఉంది కదా, తర్వాత చూపించవచ్చనుకుంటాం. అలా కుదరదు. ముందు ఆ సాక్షినే క్రాస్‌లో, అంటే మన లాయరు ప్రశ్నించేటప్పుడు, అడగాలి. అతను ‘పోలీసులకు అలా చెప్పలేదనుట నిజం కాదు’ అంటాడు, అన్నాడు కూడా. తర్వాత దర్యాప్తు అధికారి వచ్చినప్పుడు ‘ఆ సాక్షి నా ముందు అలా చెప్పలేదనుట నిజం’ అనిపించాలి. ఈ రెండు వాక్యాలూ రికార్డులో ఉంటేనే ఆ తేడా పనికొస్తుంది. చీఫ్‌లో, అంటే సాక్షిని పిలిచిన పక్షమే ప్రశ్నించేటప్పుడు, జవాబు అందించే ప్రశ్నల సంగతీ అంతే: అవతలి పక్షం అభ్యంతరం చెబితే అడగకూడదని చట్టంలోనే ఉంది, చెప్పకపోతే సాగిపోతాయి. నేను సాక్ష్యాల కాపీలకు ఎప్పటికప్పుడు దరఖాస్తు పెట్టి తెచ్చేదాన్ని, లాయరు గారు ఒక్కో లైను చదివి టిక్కు పెట్టుకునేవారు.

నేరం రుజువైందని చెప్పిన రోజున జడ్జి గారు తమ్ముణ్ణి ‘శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా?’ అని అడిగారు. వాడికి నోట మాట రాలేదు. పాపం, ఆ క్షణంలో ఎవరికి వస్తుంది? సీఆర్‌పీసీ 235(2) కింద శిక్ష మీద విడిగా వినాలని లాయరు గారు టైము అడిగి, నాన్న వైద్యం కాగితాలు, పాత కేసులేవీ లేవన్న విషయం, రిమాండులో ఉన్న కాలం అన్నీ మెమోతో పెట్టారు. రెండు శిక్షలూ ఏకకాలంలో అమలు కావాలని కూడా అందులో రాశారు. అప్పటి చట్టం ప్రకారం కోర్టు అలా ఆదేశించకపోతే ఒకటి అయ్యాకే రెండోది మొదలయ్యేదట. 307కి ఐదేళ్లు, 324కి ఏడాది వేశారు. ఏకకాలంలో అన్న మాట తీర్పులో ఉంది.

శిక్ష మూడేళ్లు దాటింది కాబట్టి సెషన్స్ కోర్టులో సస్పెన్షన్ (అప్పీలు కోసం శిక్ష నిలిపివేత) దొరకదు, వాణ్ణి అప్పుడే తీసుకెళ్లిపోయారు. తీర్పు కాపీ ఉచితంగా ఇచ్చారు. హైకోర్టులో అప్పీలుకు 60 రోజుల గడువు ఉన్నా ఆగలేదు, త్వరగానే హైకోర్టు ఉన్న నేలపాడు వెళ్లి వేశాం. శిక్ష సస్పెండ్ అయి తమ్ముడు ఇంటికొచ్చాడు.

హైకోర్టు తుది వాదనల్లో రెండు ప్రశ్నలు వచ్చాయి. అభియోగంలో సంఘటన సమయం తప్పుగా రాశారని మా తరఫున అంటే, ‘అప్పుడు అభ్యంతరం చెప్పారా?’ అన్నారు జడ్జి గారు. చెప్పలేదు. దానివల్ల న్యాయం దెబ్బతిన్నట్టు కనిపించట్లేదని ఆ పాయింటు పక్కన పెట్టేశారు. కాల్ రికార్డుల దగ్గరా అదే ప్రశ్న. ఈసారి మా లాయరు గారు డిపోజిషన్ (రికార్డైన సాక్ష్యం)లోని లైనూ, మెమో ఉన్న పేజీ నంబరూ చెప్పారు. జడ్జి గారు కింది కోర్టు కాగితాలున్న పేపర్ బుక్ తిప్పి, మెమో చదివి, పీపీ గారి వైపు చూశారు.

పి-9ని పరిగణించలేమని తీర్పులో రాశారు. అది పోయాక కాపు కాశాడన్న మాటకు ఆధారం మిగల్లేదు, పక్కింటి సాక్షి మాట కూడా నిలబడలేదు. గాయపడిన తండ్రీకొడుకుల సాక్ష్యాన్ని మాత్రం నమ్మారు, అది సబబే. 307ని 324గా మార్చి, అనుభవించిన శిక్షతో సరిపెట్టి, జరిమానా పెంచి ఆ డబ్బు గాయపడినాయనకు పరిహారంగా ఇమ్మన్నారు. ఆ వారంలోనే కట్టేసి రసీదు తెచ్చుకున్నాం.