టీ తాగని వీధిలో రెండు నెలలు

మావాడు అమెరికాలో, ఉటా రాష్ట్రంలో ఇల్లు కొన్నానని ఫోన్ చేసినప్పుడు మా ఆవిడ అడిగిన మొదటి మాట, "చుట్టుపక్కల మనవాళ్లున్నారా?" ఉన్నారు. సాఫ్ట్‌వేర్ కంపెనీలున్నచోట మనవాళ్లు లేకుండా ఎలా ఉంటారు! కాకపోతే లీహైలో వాడు కొన్న వీధిలో మా ఇల్లు తప్పిస్తే అన్నీ మోర్మన్లనే క్రైస్తవ శాఖవాళ్ల ఇళ్లే. 2023లో రోహిణి కార్తె ఎండల్లో రాజమండ్రి నుంచి బయల్దేరి, మూడు విమానాలు మారి సాల్ట్ లేక్ సిటీలో దిగాం. అక్కడ కొండల మీద మంచు ఇంకా కరగలేదు.

మూడోరోజు పొద్దున టీ కప్పు పట్టుకుని ఇంటి ముందు నిలబడ్డాను. పక్కింటాయన గడ్డి కోసే మిషన్ ఆపి, కంచె దగ్గరికొచ్చి చేతులు జోడించి, "నమస్కారమండీ, టిఫిన్ అయ్యిందాండి?" అన్నాడు. ఆరడుగుల తెల్లాయన. నా చేతిలో టీ తొణికింది. మావాడు ఈ సంగతి ముందే చెప్పొచ్చు కదా! నా మొహం ఎలా మారుతుందో చూడాలని కావాలనే చెప్పలేదట.

"తెలుగు ఎక్కడ నేర్చుకున్నారు?" అంటే, "ఆయ్, రాజమండ్రేనండి" అన్నాడు.

1997లో, పంతొమ్మిదేళ్ల వయసులో, ఆయన మిషనరీగా ఇండియా వచ్చాడు. వాళ్ల చర్చి పూర్తి పేరు తెలుగులో యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. మోర్మన్లు అనొద్దు, పూర్తి పేరే వాడండి అని 2018లో వాళ్ల పెద్దలు గట్టిగా చెప్పారు. అంత పేరు ప్రతిసారీ రాయడం నావల్ల కాదు, పక్కింటాయన దగ్గర ముందే అనుమతి తీసుకున్నాను. వాళ్లలో మగపిల్లలు రెండేళ్లు, ఆడపిల్లలు ఏడాదిన్నర ఇల్లు వదిలి, చర్చి ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లి ప్రచారం చేస్తారు. ఊరు ఎంచుకునే హక్కు లేదు. ఆయనకు బెంగుళూరు మిషన్ పడింది. అందులో ఎనిమిది నెలలు మా ఊళ్లో.

నేను ముప్ఫై ఆరేళ్లు పోస్టాఫీసులో పనిచేశాను. ఆ రోజుల్లో తెల్లచొక్కా, టై, జేబు మీద నల్ల బ్యాడ్జి పెట్టుకున్న కుర్రాళ్లు ఇద్దరిద్దరుగా వచ్చి నా కౌంటర్లో ఏరోగ్రాములు కొనుక్కునేవాళ్లు. బ్యాడ్జి మీద ఎల్డర్ అని ఉండేది. మీసం రాని కుర్రాళ్లు 'పెద్ద' ఎలా అయ్యారని మేం లోపల నవ్వుకునేవాళ్లం. వాళ్లలో ఈయన ఒకడా అంటే చెప్పలేను. అందరూ ఒకేలా కనబడేవాళ్లు, చెమటకి తడిసిపోయి. "మీరు చిల్లర లేదని విసుక్కునేవారా?" అని ఆయన అడిగాడు. అయితే నేనే అయ్యుంటాను.

ఆయన చెబుతుంటే నాకు మా ఊరే కొత్తగా వినిపించింది. పొద్దున ఆరున్నరకి లేవాలి, రాత్రి పదిన్నరకి దీపాలు ఆర్పాలి. టీవీ లేదు, సినిమా లేదు, అమ్మాయిలతో స్నేహం అసలే లేదు. జతగాడు ఒకడుంటాడు. స్నానాల గదికి తప్ప ఎక్కడికీ అతను లేకుండా వెళ్లకూడదు. ఈయనకి టైఫాయిడ్ వచ్చి పదకొండు రోజులు మంచం పడితే, ఒళ్లు బాగానే ఉన్న జతగాడు కూడా పదకొండు రోజులూ ఆ గదిలోనే కూర్చున్నాడట. ఇంటి ఓనరుగారి భార్య ఇద్దరికీ జావ కాచి పంపేదట, ఎవరికి జ్వరమో ఆవిడకి చివరిదాకా తేలలేదు. ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్లు చెబుతారు, జతగాడు మారొచ్చు, ఊరు మారొచ్చు. ఆ మాట వినగానే నాకు ఆయన మీద సొంత డిపార్ట్‌మెంటు మనిషన్నంత అభిమానం కలిగింది.

అన్నిటికన్నా కష్టం టీ అట. వాళ్లు టీ, కాఫీ, సారా, పొగాకు ముట్టరు. గోదావరి జిల్లాలో గుమ్మం తొక్కినవాణ్ని టీ ఇవ్వకుండా పంపితే ఇంటికి చిన్నతనం. ఇచ్చింది వద్దంటే వచ్చినవాడికి పొగరు. ఈ రెండిటి మధ్య నలిగి, చివరికి ఒక ఇంటి పెద్దావిడ కనిపెట్టిన దారి కోటగుమ్మం రోజ్‌మిల్క్. ఆ తర్వాత ఏ ఇంటికెళ్లినా అదే చెప్పుకునేవాళ్లట. ఇరవై ఐదేళ్ల తర్వాత, అమెరికాలో, గడ్డి మిషన్ పక్కన నిలబడి ఆయన రోజ్‌మిల్క్ గురించి చెబుతూ కళ్లు మూసుకున్నాడు.

"ఎంతమందిని మార్చారేంటి?" అని అడిగేశాను. ఎవరి దేవుణ్ని వాళ్లు ఉంచుకుంటే పోతుంది, పక్కవాడి తలుపు తట్టడం ఎందుకన్నది నా పాత అభిప్రాయం. ఇప్పటికీ అంతే. ఆయనేం నొచ్చుకోలేదు. "ముగ్గురండి. అందులో ఒకాయన ఇప్పటికీ రోజూ వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ పెడతాడు. గులాబీ పువ్వుతో" అన్నాడు.

మేం వెళ్లే సమయానికి ఆయన రెండో కొడుక్కి మిషన్ పిలుపు వచ్చి ఉంది. తైవాన్‌లోని తైచుంగ్. పద్దెనిమిదేళ్లు నిండాయి. 2012 దాకా మగపిల్లలకి పంతొమ్మిది నిండాలనేవాళ్లు, ఆ ఏడాది తగ్గించారు. తండ్రి కాలంలో ఈ పిలుపు పెద్ద తెల్ల కవరులో పోస్టులో వచ్చేది. పోస్ట్‌మ్యాన్ వీధి మలుపు తిరిగేసరికే ఇంటిల్లిపాదీ గుమ్మంలో ఉండేవాళ్లట. ఇప్పుడు ఫోన్‌లో లింకు వస్తుంది. తాతలు, మేనత్తలు అందరూ చేరాక కుర్రాడు ఫోన్ తెరిచి చదివాడట. ఎంత సంబరపడ్డా లింకు లింకే. కవరు చించిన చప్పుడు దానికెక్కడిది!

ఖర్చు మాత్రం ఎవరిది వాళ్లదే. అప్పట్లో నెలకి 500 డాలర్లు, ఏ దేశానికి పంపినా అంతే. ఇరవై నాలుగు నెలలకి 12,000, అంటే దగ్గర దగ్గర పది లక్షల రూపాయలు. కుర్రాడు పదో తరగతి నుంచి సూపర్ మార్కెట్‌లో సామాన్లు సర్ది కొంత దాచుకున్నాడు.

మిషన్‌కి వెళ్లేముందు శిక్షణ ఉంటుంది. కోవిడ్ తర్వాత, అప్పట్లో, అందులో మొదటి వారం ఇంట్లోనే, ఆన్‌లైన్‌లో జరిగేది. మా వంటింటి కిటికీలోంచి ఆ అబ్బాయి గది కనిపించేది. పొద్దున్నే తెల్లచొక్కా, టై, బ్యాడ్జి పెట్టుకుని లాప్‌టాప్ ముందు కూర్చునేవాడు. కుక్క వచ్చి తలుపు గీకుతుంటే లేవకుండానే కాలు చాపి, బూటుతో దాని వీపు రాసేవాడు. అప్పటికే నియమాలన్నీ మొదలైపోయాయి. మా ఆవిడ గిన్నెలు తోముతూ, "సొంత ఇంట్లో హాస్టల్ పెట్టారు బిడ్డకి" అంది.

ఆదివారం చర్చిలో వీడ్కోలు ప్రసంగం, రమ్మన్నారు, వెళ్లాం. వాళ్లు సంఘాన్ని వార్డు అంటారు. ఏ వీధివాళ్లు ఏ వార్డో గీత గీసి ఉంటుంది, మన మున్సిపాలిటీలాగే. జీతం తీసుకునే పాస్టరు లేడు. వార్డు బిషప్ మామూలు రోజుల్లో పళ్ల డాక్టరు. కుర్రాడు పది నిమిషాలు మాట్లాడాడు, నాకు సగం అర్థం కాలేదు. కాగితం పట్టుకున్న చేతులు వణకడం మాత్రం వెనక బెంచీ దాకా కనిపించింది.

మధ్యలో ఒకరోజు సాల్ట్ లేక్ సిటీ చూశాం. అందరూ చెప్పే ఆలయం, 1853 నుంచి 1893 దాకా నలభై ఏళ్లు కట్టింది, క్రేన్ల మధ్య ఉంది. మరమ్మతులు ఇంకా కొన్నేళ్లు సాగుతాయన్నారు. ఎదురుగా ఇరవై ఒక్క వేల మంది కూర్చునే హాలు. అది చూపించడానికి ఇద్దరు అమ్మాయిలు వచ్చారు, ఒకరిది ఫిలిప్పీన్స్, ఒకరిది టోంగా. బ్యాడ్జి కింద వాళ్ల దేశాల జెండాలు. టోంగా అమ్మాయి జీవితంలో మొదటి మంచు ఇక్కడే చూసిందట. "ఎలా ఉంది?" అని మా ఆవిడ తెలుగులోనే అడిగితే, ఏం అర్థమైందో గాని రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని వణికి చూపించింది.

బుధవారం కుర్రాణ్ని మిషనరీల శిక్షణ కేంద్రంలో దింపడానికి ప్రోవో ఊరికి బయల్దేరాం. పక్కింటివాళ్ల వ్యాన్ మనుషులతో, పెట్టెలతో నిండిపోతే నాయనమ్మని మా కారులో ఎక్కించుకున్నాం. ఎడమపక్కన టింపనోగస్ కొండ మనతోపాటే నడుస్తున్నట్టు ఉంటుంది. శిక్షణ కేంద్రం గేటు దాటి వ్యాన్ లోపలికి వెళ్లింది, మేం రోడ్డు అవతల ఆపుకుని దూరం నుంచి చూశాం. నేర్చుకోవాల్సింది చైనీస్ కాబట్టి ఇక్కడ దగ్గర దగ్గర రెండు నెలలు, తర్వాత తైవాన్. వరసగా కార్లు వచ్చి ఆగుతున్నాయి. అప్పటికే శిక్షణలో ఉన్న కుర్రాడొకడు వచ్చి పెట్టెలు దింపాడు. తల్లి కావలించుకుంది, తండ్రి, ఇద్దరు చెల్లెళ్లు. పెట్టె చక్రాలు కదిలాయి. అంతా కలిపి మూడు నాలుగు నిమిషాలు. వెనక కారు ముందుకు రావాలి కదా. కారులో నాయనమ్మ చేతిరుమాలు మడతలు విప్పుతూ, మళ్లీ మడతపెడుతూ ఉంది.

తిరిగొచ్చేటప్పుడు ఆవిడ వ్యాన్‌లోకి మారింది. కారులో మేమే. మావాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "మా హాస్టల్ గుర్తొచ్చింది నాన్నా" అన్నాడు.

2004లో వాణ్ని ఇంటర్‌కి విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వేశాం. సూట్‌కేసు, బకెట్, మగ్గు, ఆవకాయ సీసా. అదీ రెండేళ్లే. "వీళ్లని ఆరున్నరకి లేపుతారట, మమ్మల్ని ఐదింటికే లేపేవాళ్లు. వారానికో రోజు వీళ్లకి బట్టలు ఉతుక్కోడానికీ ఊరు చూడ్డానికీ ఇస్తారు. మాకు అదీ లేదు." కాసేపాగి, "ఆదివారం ఫోన్ క్యూలో ఒక్కొక్కడికి మూడు నిమిషాలు. ముందున్నవాడు ఏడుస్తుంటే మాకు జాలి వేసేది కాదు, కోపం వచ్చేది. వాడి ఏడుపులో మా టైమ్ పోతోందని" అన్నాడు.

ఇన్నేళ్లలో వాడు ఈ మాట మాకు చెప్పలేదు. ఫోన్‌లో నేనడిగేది ఒకటే ఉండేది, వీక్లీ టెస్టులో ఎంతొచ్చిందని. మా ఆవిడ వెనక సీట్లోంచి చెయ్యి చాపి వాడి భుజం మీద వేసింది. లీహై వచ్చేదాకా తియ్యలేదు.

పక్కింటాయన కాలంలో ఇంటికి ఫోన్ ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కి, మదర్స్ డేకి. రాజమండ్రిలో ఐఎస్‌డీ బూతులో ఎర్ర అంకెలు పరిగెడుతుంటే తల్లితో మాట్లాడాడట. 2019 నుంచి వారం వారం మాట్లాడనిస్తున్నారు. ఇప్పుడీ కుర్రాడి తల్లి ఫోన్‌ని పూలకుండీకి ఆనించి, జుట్టు సరిచేసుకుని, పావుగంట ముందు నుంచే కూర్చునేది. రెండోవారం కుర్రాడు ఏదో చైనీస్ వాక్యం చెబితే కంచె ఇవతల మేమూ చప్పట్లు కొట్టాం.

అందరి కథా ఇలా ఉండదు. మావాడి ఆఫీసులో ఒకతను అయిదు నెలలకే టెన్షన్ తట్టుకోలేక మిషన్ వదిలి వచ్చేశాడట. ఎవరూ ఏమీ అనలేదు, ఆ అనకపోవడమే చాలా ఏళ్లు వెంటాడిందని చెప్పాడు. హాస్టల్లో ఉండలేక పారిపోయి వచ్చిన పిల్లల్ని మన వీధుల్లో ఎలా చూసేవాళ్లమో నాకు తెలుసు. నేనూ చూశాను అలాగే.

జులై చివర్లో వచ్చేశాం. మొన్నొక సాయంత్రం కోటగుమ్మం దగ్గర ఇద్దరు కుర్రాళ్లు కనిపించారు. తెల్లచొక్కాలు, నల్ల బ్యాడ్జిలు. ఇప్పుడు మన దేశం పిల్లలే. ఒకడిది కోయంబత్తూరు, ఒకడిది ఢిల్లీ. ఇద్దరికీ తెలుగు అంతంతమాత్రం. పలకరించి, అలవాటుగా టీ చెప్పబోయి నాలిక కరుచుకున్నాను. మూడు రోజ్‌మిల్క్‌లు చెప్పి, కోయంబత్తూరు అబ్బాయిని అడిగాను, ఈ వారం అమ్మకి ఫోన్ చేశావా అని.