రెండు గడుల మధ్య ఏం జరిగింది?

నేను సైన్స్ చెబుతాను. జలచక్రం పాఠం అయ్యాక ప్రశ్నలు, జవాబులు రాయించే బదులు పిల్లల చేత కంప్యూటర్‌లో కామిక్ స్ట్రిప్ చేయిస్తున్నాను. హీరో ఒక నీటి బొట్టు. ఆరు గడులు, పాత్ర మాటలు రాసే ఒక్కో బుడగలో పదిహేను మాటలకు మించకూడదు.

బాష్పీభవనం, సాంద్రీకరణం, అవపాతం అని గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా ఇక్కడ ఆగిపోతారు. చాలామంది బొట్టును తెల్లటి పొగలా పైకి లేపి నేరుగా మేఘం చేసేస్తారు. కానీ నీటి ఆవిరి కంటికి కనిపించదు. మేఘంలో మనం చూసేది అతి చిన్న నీటి తుంపరలు, మంచు స్ఫటికాలు. కనిపించనిదాన్ని ఎలా గీయాలి? క్లాసంతా వాదించుకున్నారు. ఒకమ్మాయి గడిలో నీలాకాశం మాత్రమే ఉంచి, బుడగలో ఇలా రాసింది: "ఇక్కడే ఉన్నా, మీకు కనబడట్లేదంతే!" నాకెంత సంతోషం వేసిందో!

బొమ్మ అందానికి నేను మార్కులివ్వను. రెండు గడుల మధ్య ఖాళీలో వేలుపెట్టి "ఇక్కడ ఏం జరిగింది?" అని అడుగుతాను. కనబడని ఆవిరి మళ్లీ బొట్టు ఎందుకైంది? జవాబు వెతుక్కుంటూ ఒక జట్టు కొత్త గడి చేర్చింది. పైకెళ్లేకొద్దీ గాలి చల్లబడింది, ఆవిరికి ఒక ధూళికణం ఎదురైంది. "అన్నా, కాస్త నీమీద కూర్చోనా?"

కాగితం మీదైతే మధ్యలో గడి చేర్చాలంటే మొత్తం మళ్లీ గీయాలి. తెరమీద జరిపితే చాలు. బొమ్మలు రావని వెనక్కి తగ్గే పిల్లలకూ ధైర్యం వస్తుంది. కామిక్స్ చేసుకునే కాన్వా, పిక్స్‌టన్ లాంటి వెబ్‌సైట్లు లేకపోతే మామూలు స్లైడ్లు సరిపోతాయి. అయితే రెడీమేడ్ పాత్రలుంటే జుట్టు, డ్రస్సు ఎంచుకోవడంతోనే పీరియడ్ అయిపోతుంది. అందుకే సంభాషణలు ముందు నోట్సులో రాసి చూపించాకే కంప్యూటర్ ముట్టుకోనిస్తాను. పిల్లల ఫోటోలు, అసలు పేర్లు అందులో పెట్టనివ్వను.

తర్వాతి పాఠం కిరణజన్య సంయోగక్రియ. వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త చేసిన విల్లో మొక్క ప్రయోగం ఇస్తున్నాను. కుండీలో నాటి నీళ్లు మాత్రమే పోస్తే ఐదేళ్లలో చెట్టు బరువు దాదాపు 74 కిలోలు పెరిగింది, కుండీలో మట్టి తగ్గింది మాత్రం సుమారు 57 గ్రాములే. ఆ బరువంతా నీళ్ల నుంచే వచ్చిందనుకున్నాడాయన. అయిదో గడిలో ఆయన చేత ఆ మాటే చెప్పిస్తాను. ఆరో గడిలో గాలి ఏమంటుందో పిల్లలు రాయాలి.