మజీఠియా సర్దార్ల జాడలో: అమృత్‌సర్ నుంచి సర్దార్‌నగర్ దాకా

పంజాబ్ సిక్కు సర్దార్లైన మజీఠియాల చరిత్ర చూడాలనుకునేవాళ్లు ముందుగా మజీఠా వెళ్లకండి. ఆ ఇంటిపేరు ఆ ఊరిదే. అమృత్‌సర్‌కు ఈశాన్యంగా పదహారు కిలోమీటర్ల దూరం, పూటలో వెళ్లి రావచ్చు. కానీ ఎవరు ఎవరి కొడుకో తెలియకుండా వెళితే అక్కడ ఏమీ అర్థం కాదు. అందుకే నేను స్వర్ణదేవాలయంతో మొదలుపెట్టాను.

తలకు గుడ్డ చుట్టుకుని, కాళ్లు కడుక్కుని ఆవరణలోకి దిగాక లహనా సింగ్ మజీఠియా పెట్టించిన నీడగడియారం ఎక్కడుందో అడిగి చూడండి. ఎండ ఉన్నప్పుడే వెళ్లాలి. దాని గంట మీ చేతి గడియారంతో కలవకపోతే తప్పు దానిది కాదు. మన దేశపు గడియారాలన్నీ 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి, అమృత్‌సర్ ఉన్నది దాదాపు 74.9 దగ్గర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున నీడ అరగంట వెనకబడుతుంది. సూర్యుడి గమనంలోని హెచ్చుతగ్గులు కూడా కలిస్తే నవంబరు మొదట్లో ఆ తేడా 14 నిమిషాలకు తగ్గుతుంది, ఫిబ్రవరి మధ్యలో 45కి చేరుతుంది. లహనా సింగ్‌కు ఈ లెక్కలంటే ప్రాణం. గంట, తేదీ, చంద్రకళలు చూపే గడియారం చేశాడు, ఫిరంగులకు మెరుగులు దిద్దాడు. తండ్రి దేసా సింగ్ సిక్కు మహారాజు రంజిత్ సింగ్ కొలువులో కొండ రాజ్యాల పాలకుడు, ఈ ఆలయ నిర్వాహకుడు కూడా. 1832లో ఆయన పోయాక ఆ బాధ్యతలు కొడుక్కి వచ్చాయి.

అందరూ తికమకపడేది పేర్ల దగ్గరే. 1843లో మహారాజు షేర్ సింగ్ హత్యలో పాలుపంచుకున్న లహనా సింగ్ సంధన్‌వాలియా వేరే మనిషి. మన లహనా సింగ్ సిక్కు రాజధాని లాహోర్‌లోని కుట్రలకు దూరంగా 1844లో పంజాబ్ వదిలాడు. 1854లో కాశీలో కన్నుమూశాడు.

కొడుకు దయాల్ సింగ్ పుట్టింది కాశీలోనే. 1881లో లాహోర్‌లో ట్రిబ్యూన్ పత్రిక పెట్టాడు. మన ఊళ్లలోనూ కనిపించే పంజాబ్ నేషనల్ బ్యాంకుకు తొలి చైర్మన్. పిల్లలు లేరు. ఆస్తిలో అధిక భాగాన్ని కళాశాలకు, గ్రంథాలయానికి, పత్రికకు రాసి 1898లో పోయాడు. భార్య భగవాన్ కౌర్ ఆ వీలునామాను సవాలు చేసింది. బ్రహ్మసమాజం వైపు మొగ్గిన సిక్కు హిందువుల చట్టం కిందికి వస్తాడా అన్నది ప్రశ్న. 1903లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్, అంటే అప్పటి చివరి అప్పీలు కోర్టు, వస్తాడని తేల్చడంతో వీలునామా నిలిచింది. దాని మీదే 1910లో లాహోర్‌లో దయాల్ సింగ్ కళాశాల తెరుచుకుంది. ఒక జాగీరు అంతా చదువుల పాలవడం నాకు ఈ కుటుంబంలో అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది.

ఇక రెండో శాఖకు అటారీ వైపు గ్రాండ్ ట్రంక్ (జీటీ) రోడ్డు మీదున్న ఖాల్సా కళాశాలకు వెళ్లాలి. శంకుస్థాపన 1892, రూపకర్త భాయీ రామ్ సింగ్. గుమ్మటాల కింద తీరిగ్గా నిలబడి చూడాల్సిన కట్టడం. దీని పాలకవర్గానికి ఏళ్ల తరబడి అధ్యక్షుడు సుందర్ సింగ్ మజీఠియా. ఆయన దేసా సింగ్ మనవడు కాదు, సూరత్ సింగ్ కొడుకు.

ఈ సూరత్ సింగ్ రెండో సిక్కు యుద్ధంలో ఇంగ్లీషువాళ్లను ఎదిరించాడు. శిక్షగా కాశీకి పంపారు. 1857 తిరుగుబాటులో అక్కడ అదే ఇంగ్లీషువాళ్ల పక్షాన నిలిచాడు. ప్రతిఫలంగా పింఛను, గోరఖ్‌పూర్ జిల్లాలో జాగీరు దక్కాయి. పంజాబ్ సర్దార్ల భూములు అంత దూరంలో ఎందుకున్నాయో ఇది తెలిస్తేనే బోధపడుతుంది.

కాశీ యాత్రకు వెళ్లే మనవాళ్లు గోరఖ్‌పూర్ దాకా వెళితే, దేవరియా వైపు రైలు మార్గంలోనే సర్దార్‌నగర్ వస్తుంది. సుందర్ సింగ్ 1911లో సరాయా చక్కెర మిల్లు పెట్టింది ఇక్కడే. అన్న ఉమ్రావ్ సింగ్ కూతురు, చిత్రకారిణి అమృతా షేర్‌గిల్, పెళ్లయ్యాక భర్తతో ఈ సరాయాలోనే ఉండి బొమ్మలు వేసింది. 1941లో లాహోర్‌కు మారింది. ఆ డిసెంబరులోనే అక్కడ చనిపోయింది, 28 ఏళ్లకు.