నొప్పులకు ముందు ఒక పగలంతా

నలభై వారాలు దాటి ఆరు రోజులైనా నొప్పుల జాడ లేదు. మేముండేది బెంగళూరు మారతహళ్లిలో. ఆసుపత్రిలో చేరిన పొద్దున డాక్టర్ లోపలి పరీక్ష చేసి, "బిషప్ స్కోర్ మూడే. గర్భాశయ ముఖద్వారం ఇంకా గట్టిగా ఉంది, ముందు దాన్ని మెత్తబరచాలి" అన్నారు. హిందూపురం నుంచి వచ్చిన అమ్మ, "డ్రిప్ పెట్టేస్తే నొప్పులు వస్తాయి కదా మేడమ్?" అని అడిగింది. నేనూ అదే అనుకున్నాను.

ఆవిడ కూర్చుని చెప్పారు. బిషప్ స్కోర్ అంటే, ముఖద్వారం ఎంత తెరుచుకుంది, ఎంత పలచబడింది, ఎంత మెత్తబడింది, ఎటు తిరిగి ఉంది, బిడ్డ తల ఎంత దిగింది అని చూసి 13కి మార్కులు వేస్తారట. ఆరు, అంతకన్నా తక్కువైతే ఇంకా సిద్ధం కానట్టే. అలాంటప్పుడు నేరుగా డ్రిప్ పెడితే గర్భసంచి బిగుసుకున్నా దారి తెరుచుకోక, చివరికి సిజేరియన్‌కి పోయే అవకాశం పెరుగుతుంది.

ముఖద్వారాన్ని మెత్తబరచడానికి మిసోప్రోస్టాల్ అనే మాత్ర కూడా ఉందన్నారు. మా ఆయన ఫోన్‌లో చూసి, అది కడుపులో పుండ్లకు వాడేదని కంగారుపడ్డారు. నిజమే, మొదట అందుకే వచ్చింది. కానుపుకి ఇచ్చేది మాత్రం 25 మైక్రోగ్రాములే, మామూలు 200 మాత్రలో ఎనిమిదో వంతు. పక్క మంచం మీదున్న కోలారు అక్కకి మొదటిది సిజేరియన్. పాత కుట్టు విచ్చుకునే ప్రమాదం ఉంటుందని ఆమెకి ఆ మాత్ర వద్దని, ముఖద్వారాన్ని మెల్లగా తెరిచే ఫోలీ బెలూన్ పెట్టారు.

నాకు ముఖద్వారాన్ని మెత్తబరిచే డైనోప్రోస్టోన్ జెల్, 0.5 మిల్లీగ్రాములు. ఫ్రిజ్‌లోంచి తీసిన చిన్న సిరంజి. పొద్దున ఎనిమిదికి పెట్టి, అరగంట లేవొద్దన్నారు. ఆరు గంటలు గడిచాక చూస్తే స్కోర్ నాలుగు. ఏడుపొచ్చింది. రెండున్నరకి రెండో డోసు పెట్టారు.

నాలుగింటికి నొప్పులు ఊపిరాడనివ్వకుండా వచ్చాయి. ఒకటి తగ్గకముందే ఇంకొకటి. చెబితే "మామూలే" అన్నారు. నా మనసు ఒప్పుకోలేదు. స్కాన్ కవర్ వెనక టైములు రాయమని అమ్మకి చెప్పాను. పది నిమిషాల్లో ఆరు! ఆ కవర్ చూపించాక డ్యూటీ డాక్టర్ పరుగున వచ్చారు. పది నిమిషాల్లో ఐదుకి మించితే బిడ్డకు ఆక్సిజన్ తగ్గవచ్చట. ఎడమ వైపు తిప్పి పడుకోబెట్టి, సెలైన్ ఎక్కించి, బిడ్డ గుండె గ్రాఫ్ దగ్గరే నిలబడ్డారు. ముప్పావుగంటకి నొప్పులు నెమ్మదించాయి. బిడ్డ గుండె చప్పుడు బాగానే ఉందని విన్నాకే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ అంకెలు రాసి ఉండకపోతే ఏమయ్యేదోనని ఇప్పటికీ అనుకుంటాను.

రాత్రి తొమ్మిదికి స్కోర్ ఎనిమిది. జెల్‌కీ, నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ డ్రిప్‌కీ మధ్య ఆరు గంటలైనా ఎడం ఉండాలని అప్పటిదాకా ఆగారు. ఉమ్మనీరు సంచి తెరిచి, డ్రిప్ కొద్దికొద్దిగా పెంచారు.

ఆ స్కాన్ కవర్ ఇంకా దాచుకున్నాను. నొప్పుల టైముల కింద అమ్మ చేతిరాతలో ఆఖరి వరుస: తెల్లవారుజాము 4.40, ఆడబిడ్డ.